ముసలి తోటలో కొత్త మొక్క

(శ్రీ విజయపురంలో మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుప్రతి)



ఆహ్వానపత్రికలో మాస్టారి పూర్తిపేరు ఉంది. అచ్చులో వద్దని అమ్మగారు, అంటే మాస్టారి భార్య, అన్నారు. "ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఎవరైనా పేరుపెట్టి పిలిచారా? ఇప్పుడెందుకు కొత్తగా?" అన్నారు. అమ్మగారి మాటే ఖాయం. ఊరి పేరు విషయంలో మాత్రం నన్ను మన్నించాలి. 2024 సెప్టెంబరులో ఇది శ్రీ విజయపురం అయింది గానీ, జంగ్లీఘాట్ సందుల్లో పెరిగిన నా నోటికి పోర్ట్‌బ్లెయిరే వస్తుంది.

నిర్వాహకులు ఫోన్ చేసి, "మన దగ్గర గ్యాస్ పడింది కదా సార్, దాని గురించే చెప్పండి" అన్నారు. బోరులో నీళ్ళు పడ్డట్టు గ్యాస్ 'పడింది' అనడం నాకు నచ్చింది. కానీ నేను వయసు మళ్ళిన చమురు క్షేత్రాల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. బారసాలకు పిలిస్తే వచ్చి ముసలితనం గురించి మాట్లాడతాననే చుట్టంలా కనిపించి ఉంటాను. అయినా సరేనన్నారు. వాళ్ళ మర్యాదకి కృతజ్ఞతలు.

ముందు ఆ పడిందేమిటో చెప్పుకుందాం. 2025 సెప్టెంబరు 26న కేంద్ర పెట్రోలియం మంత్రి హర్‌దీప్ సింగ్ పురీ ఈ సంగతి ప్రకటించారు. బావి పేరు శ్రీ విజయపురం-2. తవ్వింది ఆయిల్ ఇండియా. మన అండమాన్ దీవుల తూర్పు తీరానికి 17 కిలోమీటర్ల దూరం, అక్కడ సముద్రం లోతు 295 మీటర్లు, బావి లక్ష్యం 2,650 మీటర్లు. 2,212 నుంచి 2,250 మీటర్ల మధ్య పరీక్ష పెడితే గ్యాస్ వచ్చింది. ఉండి ఉండి మంట వెలిగింది. నమూనాలను ఓడ మీద కాకినాడ పంపి పరీక్ష చేయిస్తే 87 శాతం మీథేన్ అని తేలింది. కాకినాడ అనగానే ఈ హాల్లో చాలా మొహాలు వెలిగాయి, చూశాను. మన చుట్టరికాలన్నీ ఆ రేవు మీదుగానే కదా.

అయితే ఆ 'ఉండి ఉండి' అన్నమాట దగ్గర నా బోటి వాడు ఆగుతాడు. గ్యాస్ ఉన్నట్టే. ఎంత ఉంది, తీస్తే గిట్టుతుందా అన్నది ఇంకా తేల్చాల్సి ఉందని ఆ ప్రకటనే చెప్పింది. అంతకు కొన్ని నెలల ముందునుంచే గయానా మాట మొదలైంది. దక్షిణ అమెరికాలో ఆ చిన్న దేశానికి 2015లో సముద్రంలో చమురు పడి దశ తిరిగింది, మనకీ అలాగే తిరగొచ్చని. తిరిగితే సంతోషమే. ఇంటింటికీ కరెంటు ఇవ్వడానికి ఓడల మీద డీజిలు మోసుకొచ్చి జనరేటర్లు తిప్పుకునే మనకి, పక్క సముద్రంలో గ్యాస్ ఉండడం చిన్న సంగతి కాదు. కానీ ఇది ఇక్కడ మొదటిసారి పడటం కాదు.

1980లో ఓఎన్‌జీసీ ఈ సముద్రంలో తవ్విన ఏఎన్-1-1 బావిలోనే, మయోసీన్ కాలపు సున్నపురాతి పొరలో, గ్యాస్ వచ్చింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి, తెలుగు మాధ్యమం. మా బడిలో లేచిన కేకలు ఇప్పటికీ గుర్తు. మాస్టారు లోపలికి రాగానే ఎవరో అడిగారు: "సార్, మనకింక కిరసనాయిలు క్యూ ఉండదా?" ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటి, కార్బిన్స్ కోవ్ ఒడ్డునుంచి తెచ్చిన ఇసుక, కొబ్బరినూనె పట్టుకొచ్చారు.

సీసా నిండా ఇసుక పోసి, దాంట్లో కొలిచి నూనె పోశారు. నూనె ఇసుకలోకి ఇంకిపోయింది. ఒక పక్కన గొట్టం గుచ్చి దాంట్లోంచి నీళ్ళు ఎక్కించారు. ఇంకో పక్కన గొట్టం గుచ్చి సిరంజితో లాగారు. ముందు నూనె వచ్చింది. తర్వాత నూనే నీళ్ళూ కలిసి వచ్చాయి. చివరికి వట్టి నీళ్ళే వచ్చాయి. "అయిపోయిందా?" అన్నారు. అయిపోయిందన్నాం. వచ్చిన నూనె కొలిచి చూపించారు. పోసిన దాంట్లో సగం కూడా లేదు. "మిగతాది ఎవరు తాగారు?" అన్నారు. తర్వాత లాగే గొట్టం తీసి, సీసాకి ఇంకో మూల గుచ్చి లాగారు. మళ్ళీ నూనె.

నా వృత్తి మొత్తం ఆ రెండోసారి గుచ్చిన గొట్టమే. తర్వాత చదువులకు మద్రాసు, ఉద్యోగానికి గోదావరి జిల్లాలు వెళ్ళాను. ముప్పై ఏళ్ళు పైన పాత క్షేత్రాల్లో రెండో గొట్టం ఎక్కడ గుచ్చాలా అని చూడటమే నా పని. దాన్ని మా వాళ్ళు ఇన్‌ఫిల్ బావి అంటారు. ఉన్న బావుల నడుమ, వాటికి అందని చోట, కొత్తగా తవ్వే బావి.

భూమి కింద చమురు చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాతి రేణువుల సందుల్లో, సున్నపురాతి చిల్లుల్లో, తడిలా అంటుకుని ఉంటుంది. బావి తవ్వగానే లోపలి ఒత్తిడే దాన్ని పైకి తోస్తుంది. ఒత్తిడి తగ్గాక నీళ్ళు ఎక్కించి తోయాలి. నీళ్ళకు బద్ధకం ఎక్కువ. సులువైన దారి దొరికితే అదే పట్టుకుపోతాయి, ఇరుకు మూలల్ని వదిలేస్తాయి. ప్రపంచంలో సగటు క్షేత్రం తన చమురులో సుమారు మూడో వంతు ఇచ్చి మిగతాది కిందే ఉంచుకుంటుంది. గానుగ ఆడించాక తెలకపిండిలోనూ నూనె ఉన్నట్టే. మూతపడిన క్షేత్రాలన్నీ నిజానికి సగం తాగి వదిలేసిన గ్లాసులు.

మరి అందని చోటు ఎక్కడుంటుంది? రెండు బావుల మధ్య నీటికి పక్కన పడిపోయిన ముద్ద ఒకటి. పగులు గోడ అడ్డొచ్చి విడిపోయిన గది ఒకటి. ఇంకొకటి ఉంది, దాని పేరు వింటే అత్తయ్యలకు నవ్వొస్తుంది: అటక నూనె. పొర పైకప్పు దగ్గర, బావి గొట్టానికి పెట్టిన చిల్లులకన్నా ఎత్తులో, ఎక్కడో మూలన నూనె పేరుకుని ఉంటుంది. దించేవాళ్ళు లేక ఇంట్లో అటక మీద ఇత్తడి గంగాళం ఉండిపోయినట్టు.

ఈ పని మన తెలుగు తీరంలో బాగా సాగిన చోటు రవ్వ. కోనసీమలో ఎస్.యానాం తీరానికి ఎదురుగా, లోతు తక్కువ సముద్రంలో, 1987లో ఓఎన్‌జీసీ కనుక్కున్న క్షేత్రం. 1994 అక్టోబరు 28న ఉత్పత్తి పంపిణీ ఒప్పందం కుదిరింది. ముందు ఆస్ట్రేలియా వారి కమాండ్ పెట్రోలియం, 1996లో దాన్ని కొన్న కెయిర్న్ నడిపాయి. ఓఎన్‌జీసీ 40 శాతం వాటాతో ఉంది. ఒప్పందం నాటికి రోజుకు నాలుగు వేల పీపాలైనా వచ్చేవి కావు. 1999 నాటికి యాభై వేలు. మొదట్లో ఆ క్షేత్రం మొత్తం మీద పది కోట్ల పీపాలు వస్తాయని లెక్క కట్టారు. వచ్చింది అంతకు రెట్టింపు దాటింది. ఒప్పందం 2019లో ముగియాల్సింది, ఇంకో పదేళ్ళు పొడిగించారు.

ఈ రెట్టింపు ఎక్కడినుంచి వచ్చింది? కొంత, మొదటి లెక్కే పిసినారి లెక్క కావడం వల్ల. మిగతాది నీళ్ళెక్కించి ఒత్తిడి నిలబెట్టడం వల్ల, విడతలు విడతలుగా బావుల నడుమ బావులు తవ్వడం వల్ల. ఎక్కడ తవ్వాలో తెలుసుకోవడానికి వాళ్ళు చేసిన ఒక పని చెప్తాను. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు అది ఇట్టే తెలుస్తుంది. వరదకు ముందు గీసిన లంకల పటం, వరద తర్వాత గీసిన పటం పక్కపక్కన పెడితే ఏ లంక ఎంత కోసుకుపోయిందో, ఏది చెక్కు చెదరలేదో తెలిసిపోతుంది కదా. సముద్రం అడుగుకు ధ్వని పంపి, ప్రతిధ్వని వినే సర్వేనూ అంతే. కొన్నేళ్ళు చమురు తీశాక అదే చోట, అదే పద్ధతిలో మళ్ళీ సర్వే చేసి, రెంటికీ తేడా తీస్తారు. నీళ్ళు చేరిన చోట రాయి పలుకు మారుతుంది. మారని చోట చమురు అలాగే కూర్చుని ఉన్నట్టు. దీన్నే ఫోర్-డీ సర్వే అంటారు, నాలుగో కొలత కాలం. గమనించండి, పాత సర్వే పదిలంగా ఉంటేనే ఈ తీసివేత. మొదటి పటం లేనివాడికి రెండో పటం ఒట్టి బొమ్మ.

బావి నడుమ బావి అంటే కోనసీమ రైతుకి అర్థం కాని సంగతేమీ కాదు. అరవై ఏళ్ళు దాటిన కొబ్బరితోటలో కాపు తగ్గుతుంది. బుద్ధి ఉన్న రైతు తోటంతా ఒక్కసారి నరికించడు. ముసలి చెట్ల నడుమ గొయ్యి తీసి మొక్క పెడతాడు. మొక్క కాపుకొచ్చేదాకా ముసలి చెట్టే కూడు పెడుతుంది. కానీ ఎక్కడ పెట్టాలి? వెలుగు పడే సందు చూడాలి, నీరు నిలవని చోటు చూడాలి. మరీ దగ్గరగా పెడితే ముసలిదాని వేళ్ళూ పడుచుదాని వేళ్ళూ ఒకే పుట్టెడు మట్టి కోసం కొట్టుకుంటాయి. రెండూ గొడ్డుపోతాయి. ఆ తోటలో పుట్టి పెరిగినవాడికి ఏ చెట్టు కింద ఏ ఏడు తుపానుకు ఉప్పునీళ్ళు నిలిచాయో గుర్తుంటుంది. కొత్తగా కొన్నవాడికి ఉండదు.

మా కొలువులో ఆ వేళ్ళ తగాదాయే పెద్ద తగాదా. కొత్త బావి రోజుకు ఐదు వందల పీపాలు ఇస్తుంది, అందరం మిఠాయిలు పంచుకుంటాం. మూడు నెలల తర్వాత పక్క బావుల లెక్క చూస్తే వాటిలో నాలుగు వందలు తగ్గి ఉంటాయి. అంటే వచ్చింది చాలావరకు కొత్త నూనె కాదు, రేపు రావాల్సిన నూనె ఇవాళ వచ్చింది. అనంతపురంలో పక్కవాడి బోరు పక్కన మరో నాలుగడుగులు లోతుగా బోరు వేసిన రైతు కథే ఇది. ఆ కథ చూశాకే ఆంధ్రప్రదేశ్ 2002లో బోర్లను అదుపు చేసే వాల్టా చట్టం చేసుకుంది. కాబట్టి ఎవరైనా ఇన్‌ఫిల్ బావులతో ఉత్పత్తి పెరిగిందని చెబితే వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కొత్త నూనా, రేపటి నూనా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పిన ప్రకటనలు నేను చూసినవి తక్కువ.

ఇంకో చిక్కుంది. పాత క్షేత్రంలో తవ్వడం కొత్త దాంట్లో తవ్వడం కన్నా సులువని బయటివాళ్ళు అనుకుంటారు. దారి తెలుసు కదా అని. కానీ ఒక పొర పాతికేళ్ళు ఇచ్చి ఇచ్చి అలసిపోయి ఉంటుంది, దాని కింది పొర ఇంకా పొగరు మీదే ఉంటుంది. పొగరుబోతును అణచడానికి బరువైన మడ్డు (తవ్వేటప్పుడు బావిలో నింపే బురద) పోస్తే అలసిన పొర దాన్ని గటగటా తాగేస్తుంది. పలచగా పోస్తే కిందిది తిరగబడుతుంది. తిరగబడితే ఏమవుతుందో 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి చూసింది: బావి ఎగదన్ని అంటుకుంది. అది ఇన్‌ఫిల్ బావి కథ కాదు గానీ, మంట కొత్త బావి, పాత బావి అని చూడదు. అరవై ఐదు రోజులు మండింది. కొబ్బరాకులు రాత్రిపూట కూడా ఎర్రగా కనిపించేవి. ఆ వెలుగులో పుస్తకం చదువుకోవచ్చని మా వాళ్ళెవరో వేళాకోళమాడితే, పక్కనున్న ముసలాయన, "మా పిల్లలు నిద్రపోక రెండు నెలలైంది బాబూ" అన్నాడు. ఆ మాటకు ఎవరం తలెత్తలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. స్మారక సభల్లో ఎదుటివాళ్ళ గొప్పలే చెబుతాం, కానీ మాస్టారి సభ కాబట్టి ఇది చెల్లుతుంది. క్షేత్రం పేరు, సంస్థ పేరు చెప్పను. నేల మీది పాత క్షేత్రం. రెండు బావుల నడుమ ఒక ఇసుక పొర ముట్టకుండా ఉందని నా లెక్క. స్థలం ఖాయం చేస్తూ కాగితం మీద సంతకం పెట్టింది నేనే. రిగ్గు వచ్చింది, తవ్వారు, చిల్లులు పెట్టారు. వచ్చింది నీళ్ళు. పదింట తొమ్మిది వంతులు నీళ్ళు. మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆఖరికి రిటైరై అమలాపురంలో ఉంటున్న ఒక పాత డ్రిల్లరుగారిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని నవ్వారు. "పక్క బావిలోకి ఏడాది పాటు వాడిన నీళ్ళు వదిలాం కదండీ, ఆ పొరలోకే. రిజిస్టరులో రాసి పెట్టాను, చూడలేదా?" అన్నారు. చూడలేదు. ఆఫీసు గది మారినప్పుడు ఆ రిజిస్టర్లు పాత కాగితాలవాడికి తూకానికి వెళ్ళాయి. కోట్ల రూపాయల బావి పోయింది కిలో లెక్కన అమ్మిన కాగితం వల్ల. రిజిస్టరు ఎక్కడని ముందే అడగకపోవడం నా తప్పు.

ఆ రోజునుంచి ముసలి క్షేత్రం నాకు వేరేగా కనిపిస్తోంది. కొత్త క్షేత్రానికి ఉన్నది ఆశ. పాత క్షేత్రానికి ఉన్నది జ్ఞాపకం. ఆ జ్ఞాపకం రాళ్ళ ముక్కల్లో, బావి పొడవునా పొరల కొలతలు గీసిన లాగ్ కాగితాల్లో, రోజువారీ రిజిస్టర్లలో ఉంటుంది. అది పోతే ముసలి క్షేత్రం కూడా కొత్త క్షేత్రమే, ఒత్తిడి తగ్గిన కొత్త క్షేత్రం. అంతకన్నా చెడ్డ బేరం లేదు.

మన దేశంలో ఈ పని పెద్ద ఎత్తున జరిగింది బొంబాయి హైలో. 1974లో దొరికి, 1985లో రోజుకు 4.7 లక్షల పీపాలకు పైన ఇచ్చి, అక్కణ్ణుంచి దిగుతూ వచ్చింది. 2000 తర్వాత ఉత్తర భాగానికీ దక్షిణ భాగానికీ వేరువేరుగా పునరభివృద్ధి పథకాలు పెట్టి, బావుల నడుమ బావులు తవ్వి, పాత బావుల గొట్టాల్లోంచే పక్కకు తిప్పి తవ్వి, దిగుడును ఆపలేకపోయినా నెమ్మదింపజేశారు. 2025 జనవరిలో బ్రిటన్ వారి బీపీని సాంకేతిక సాయానికి పిలిచారు. యాభై ఏళ్ళ క్షేత్రం అది. ముసలి క్షేత్రాలు రాను రాను నూనె కంటే నీళ్ళే ఎక్కువ ఇస్తాయి. మేం నీళ్ళ వ్యాపారులం, చిల్లర కింద కాస్త నూనె అని మాలో మేం అనుకుంటాం.

మరి మన సముద్రంలో? ఇరావతి లోయనుంచి మన దీవుల మీదుగా సుమత్రా దాకా ఒకే నడక. ఒక పలక మరో పలక కిందికి దూరుతూ లేపిన గట్టు. ఆ గట్టుకు ఉత్తరాన బర్మాలో ఎనంజాంగ్ అనే పాత చమురు క్షేత్రం ఉంది. మన పూర్వీకులు కోరంగి రేవునుంచి ఓడెక్కి 'రంగం' వెళ్ళిన దేశంలోనే. రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచేవారు. ఎనంజాంగ్‌లో కంపెనీలు రాకముందే, కొన్ని కుటుంబాలు వంశపారంపర్యపు హక్కుతో చేత్తో నూతులు తవ్వి నూనె తోడేవి. 1797లో చూసిన హిరామ్ కాక్స్ అనే ఆంగ్లేయుడు ఐదు వందలకు పైగా నూతులున్నాయని రాశాడు. నూతికీ నూతికీ జానెడు జాగా వదలని తవ్వకం. తర్వాత బర్మా ఆయిల్ కంపెనీ వచ్చింది, యంత్రాలు వచ్చాయి. 1942లో జపాను సైన్యం వస్తోందని బ్రిటిష్‌వాళ్ళే ఆ బావుల్ని పేల్చేశారు. నూట యాభై ఏళ్ళ ఇన్‌ఫిల్ చరిత్ర అది, చాలావరకు ఎలా చేయకూడదో నేర్పే చరిత్ర.

ఇంకా దగ్గరగా చూస్తే, ఇదే అండమాన్ సముద్రంలో బర్మా వైపు యాదానా గ్యాస్ క్షేత్రం ఉంది. అదీ మయోసీన్ సున్నపురాయే. 1980ల మొదట్లో దొరికింది, 1998నుంచి గ్యాస్ ఇస్తోంది. ఒత్తిడి పడిపోతుంటే 2017లో దాని పక్కనే బదమ్యార్ అనే చిన్న క్షేత్రంలో నాలుగు అడ్డబావులు తవ్వి, యాదానాకే గొట్టం కలిపారు. 2022లో ఫ్రెంచి కంపెనీ తప్పుకుంది, థాయ్‌లాండ్ వారి సంస్థ నడుపుతోంది. దక్షిణాన సుమత్రా పక్కన, ఇండోనేషియావారి సౌత్ అండమాన్ బ్లాకులో 2023లో లయరాన్, 2024లో టాంగ్‌కులో బావుల్లో గ్యాస్ పడింది. అటూ ఇటూ ఉంది, మధ్యలో మనకు లేకపోతే వింత. అందుకే 1980 కథను మళ్ళీ తెరుస్తున్నారు. చాలాకాలం రక్షణ, అంతరిక్ష అవసరాలకని మూసి ఉంచిన సముద్రాన్ని కూడా ఈ మధ్య అన్వేషణకు విడిచారు.

నలభై ఐదేళ్ళ తర్వాత ఎవరో ఇంజనీరు మొదటి బావి లాగ్ కాగితం ముందు కూర్చుని ఉంటాడు. 1980లో ఓడ మీద రాత్రి డ్యూటీలో ఉన్న ఒక కుర్రాడు ఎంత శ్రద్ధగా రాతిపొడి నమూనా సంచీ మీద లోతు అంకె వేశాడో, ఇవాళ్టి నిర్ణయం దాని మీద నిలబడుతుంది. శ్రీ విజయపురం-2 పక్షాన నేను కోరేదీ అదే. ఉద్యోగాలు అడగండి, కరెంటు అడగండి, జంగ్లీఘాట్ వలలకు నష్టం రాకుండా హామీ అడగండి, చుట్టూ పగడపు దిబ్బలున్న ఊరు కాబట్టి ప్రమాదానికి ముందు ఏర్పాట్లు అడగండి. వాటితోపాటు, ఈ నీటిలో తవ్విన ప్రతి బావి కాగితాలూ ఎక్కడ ఉన్నాయి, ఎంతకాలం ఉంటాయి, ఎవరు చూడొచ్చు అని కూడా అడగండి. గ్యాస్ దొరికిందనుకోండి, 2060లో దాని రెండో గొట్టం ఎక్కడ గుచ్చాలో చెప్పేవి ఆ కాగితాలే. దొరకలేదనుకోండి, మూడోసారి ఎవరో వచ్చి అదే చోట తవ్వకుండా ఆపేవీ అవే.

తేదీ లేని కాగితం ఎందుకూ కొరగాదని మన దీవులవాళ్ళకు వేరే చెప్పాలా? 2004 డిసెంబరు 26 ఉదయం భూకంపపు ఒక్క కుదుపుకు ఈ ఊరు మీటరు దాకా కుంగింది. సిప్పీఘాట్ వరిపొలాలు ఉప్పు కయ్యలైపోయాయి. దీవుల దక్షిణ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైన దిగిపోయింది. ఆ రోజుకు ముందు గీసిన పటం, ఆ తర్వాత గీసిన పటం ఒకటి కావు.

మాస్టారి దగ్గరికి వస్తాను. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఆయన ఏటా బారాటాంగ్ బురద అగ్నిపర్వతాల దగ్గరికి తీసుకెళ్ళేవారు. మీలో సగంమంది వెళ్ళే ఉంటారు. గుండ్రటి బురద గుంట, మధ్యలో బుడగ ఉబ్బుతుంది, పగులుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. ఆ బుడగలో ఉండేది చాలావరకు మీథేన్. శ్రీ విజయపురం-2 నమూనాలో ఉన్నదే. మాకు అది ఉడుకుతున్న జొన్న సంకటి. ఆయనకు కొలవాల్సిన వస్తువు. గుంట ఎన్ని అడుగులు, నిమిషానికి ఎన్ని బుడగలు, బురద చల్లగా ఉందా వెచ్చగా ఉందా, ముందు రోజు వాన పడిందా అని అడిగి, మా చేత లెక్కపెట్టించి, నల్ల అట్ట నోటుపుస్తకంలో రాసేవారు. తేదీ, టైము, లెక్కపెట్టిన పిల్లాడి పేరు. 2004 తర్వాత ఆ గుంటలు ఉధృతంగా పొంగాయి. అప్పటికి ఆయన రిటైరయ్యారు. అయినా వెళ్ళి చూసి రాసి వచ్చారని మొన్ననే అమ్మగారు చెప్పారు.

నిన్న సాయంత్రం వాళ్ళింట్లో ఆ నోటుపుస్తకాలు చూశాను. ఎనిమిది ఉన్నాయి. ఒకదాంట్లో నా పేరు ఉంది, ఎదురుగా "తొందరపడి లెక్కపెట్టాడు, మళ్ళీ పెట్టించాను" అని ఎర్రసిరా. రెండు పుస్తకాలకు చెదలు అంచు తిన్నాయి. తేమ ఊరికి తేమ చేసే పని చేస్తోంది. ఈ దీవుల కింది గ్యాస్ మీద ఒక మనిషి ఏళ్ళ తరబడి చేత్తో రాసిన తేదీల లెక్క అది. అందుకని అమ్మగారికీ పిల్లలకూ ఈ సభ ముందు ఒక మనవి. ఆ ఎనిమిది పుస్తకాలకూ నకళ్ళు తీయిద్దాం. ఒక సెట్టు ఇక్కడి గ్రంథాలయానికి, ఒకటి మన బడికి, ఒకటి భూగర్భశాస్త్రం చదువుకునే పిల్లలున్న ఏదైనా విశ్వవిద్యాలయానికి ఇద్దాం. అసలు పుస్తకాలు మాత్రం ఇంట్లోనే ఉంచి, పొడి డబ్బాలో పెట్టండి. జిరాక్సు ఖర్చు నాది. రేపు పదింటికి వస్తాను.